ఇంటర్నల్స్ మార్కు నిజం చెప్పాలి

ఎంబీబీఎస్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కుతారా? తిరుపతిలో ఈ ప్రశ్న నన్ను కాలేజీలో అడుగుతారు, పెళ్ళి పందిట్లో అడుగుతారు, కూరగాయల బండి దగ్గర నిలబెట్టి కూడా అడుగుతారు. ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెప్పే టీచర్ని కాబట్టి నా దగ్గర ఖచ్చితమైన జవాబు ఉంటుందని వాళ్ళ నమ్మకం. చాలావరకు గట్టెక్కుతారు, అయితే ఆ మార్కు ఎలా పడిందో చూసి చెప్పాలి అంటాను. నిలబడి మాట్లాడుకునేచోట అంతకంటే వివరంగా చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మన దేశంలో ఎంబీబీఎస్ చదివినవాళ్ళకి ఇప్పటివరకు విడిగా లైసెన్సు పరీక్ష లేదు. ఫైనల్ ఇయర్ పాసై, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తే మెడికల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ వస్తుంది. 1960లో మొదలైన మన ఎస్వీ మెడికల్ కాలేజీ నుంచి బయటికొచ్చిన డాక్టర్లంతా ఆ దారినే వచ్చారు. విదేశాల్లో చదివి వచ్చిన మన పిల్లలకు మాత్రం 2002 నుంచి స్క్రీనింగ్ పరీక్ష ఉంది. దాన్నే ఎఫ్‌ఎంజీఈ అంటున్నాం. 300 ప్రశ్నలు, రెండు భాగాలు, ఒక్కో భాగానికి రెండున్నర గంటలు, తప్పు రాసినా మైనస్ లేదు, 150 వస్తే పాస్. ఏడాదికి రెండుసార్లు పెడతారు. వినడానికి ఇంత తేలిగ్గా ఉన్న ఈ పరీక్షలో 2024 జూన్ విడతలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు తప్పారు.

ఇక అందరికీ కలిపి ఒకే పరీక్ష పెట్టాలని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలోనే ఉంది. దాని పేరు నెక్స్ట్. లైసెన్సుకీ పీజీ సీటుకీ అదే ఆధారం కావాలని ఉద్దేశం. 2023 జూన్‌లో నిబంధనలు వచ్చాయి, జులై 28న మాక్ టెస్టు అన్నారు, ఆ తేదీ రాకముందే మొత్తం వాయిదా వేశారు. ఆ బ్యాచ్ పిల్లలు ఆ నెలలో పడిన ఆందోళన నేను దగ్గరుండి చూశాను. ఏది చదవాలో, ఎప్పుడు రాయాలో ఎవరూ చెప్పలేకపోయారు.

కాబట్టి మన ఊళ్ళో ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులు రెండు రకాలు. కిర్గిజ్‌స్తాన్‌కో జార్జియాకో ఫిలిప్పీన్స్‌కో పంపినవాళ్ళు ఎఫ్‌ఎంజీఈ గురించి అడుగుతారు. ఇక్కడే ఎస్వీలోనో పద్మావతిలోనో చిత్తూరులోనో చదివిస్తున్నవాళ్ళు పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ గురించీ, రాబోయే నెక్స్ట్ గురించీ అడుగుతారు. భయం ఇద్దరిదీ ఒకటే.

పోయిన వేసవిలో పుంగనూరు దగ్గర్నుంచి ఒక టమాటా రైతు కొడుకుని తీసుకొని మా ఇంటికొచ్చారు. ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద ఎఫ్‌ఎంజీఈ రాసే పిల్లలు కొందరు కూర్చుని చదువుకుంటారు, నేను ప్రశ్నలు వేస్తుంటాను. అది ఎవరో చెబితే విని వచ్చారు. ఆయన అడిగింది ఇది: "అమ్మా, ఆడ మావోడికి అన్నీ అయిదులే. ఎర్ర అట్ట సర్టిఫికెట్టు గూడా ఇచ్చినారు. ఈడికొచ్చి రాస్తే యాల తప్పతా ఉండాడు?"

అబ్బాయి చదివింది కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో. అయిదు అంటే అక్కడి లెక్కలో అన్నిటికంటే పై గ్రేడు. నాలుగంటే బాగు, మూడంటే సరిపోతుంది. సోవియట్ కాలం నుంచీ అక్కడ అదే పద్ధతి. దాదాపు అన్నిట్లో అయిదులు తెచ్చుకున్నవాళ్ళకి ఎర్ర అట్ట డిప్లొమా ఇస్తారు. అది దొంగ సర్టిఫికెట్టేమీ కాదు. అబ్బాయి నోట్సు చూశాను, ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి మందుకీ మోతాదు, దుష్ఫలితాలు, ఎక్కడ వాడకూడదో అన్నీ ఉన్నాయి. కష్టపడని పిల్లవాడు అలా రాయలేడు.

అక్కడి పరీక్ష ఎలా జరిగేదో చెప్పమన్నాను. చాలా సబ్జెక్టులకి నోటి పరీక్షేనట. టేబుల్ మీద బోర్లించిన చీటీల్లో ఒకటి తీయాలి. దానిమీద ఉన్న రెండు మూడు ప్రశ్నలకి కాసేపు ఆలోచించుకుని ప్రొఫెసర్ ఎదురుగా చెప్పాలి. చీటీల మీద ఏమేం ప్రశ్నలుంటాయో ముందే తెలుసు. మొత్తం కంఠస్థం చేసినవాడికి అయిదు ఖాయం.

సరే, చీటీ తీశావనుకో, ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందు తాగినవాడికి చికిత్స చెప్పు నాయనా అన్నాను. గడగడా చెప్పాడు. బట్టలు తీసెయ్యాలి, ఒళ్ళు కడగాలి, శ్వాస చూసుకోవాలి, అట్రోపిన్ 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి, తర్వాత ప్రాలిడాక్సిమ్. ఒక్క తప్పు లేదు. నేను పరీక్ష పెట్టినా ఫుల్ మార్కులు వేస్తాను.

అప్పుడు అదే విషయాన్ని ఎఫ్‌ఎంజీఈ అడిగే తీరులో రాసి ఇచ్చాను. ముప్ఫై ఐదేళ్ళ మనిషిని పొలం నుంచి తెచ్చారు. ఒళ్ళంతా చెమట, కళ్ళల్లో పాపలు గుండుసూది మొనంత, నాడి 50, ఛాతీ నిండా గురగుర. అట్రోపిన్ మొదలుపెట్టారు. ఇచ్చింది సరిపోయిందని అన్నిటికంటే నమ్మకంగా చెప్పేది ఏది? కంటిపాప పెద్దదవడమా, నాడి 120 దాటడమా, ఊపిరితిత్తుల్లో చప్పుడు పోయి గాలి శుభ్రంగా ఆడడమా, ముఖం ఎర్రబడడమా?

అబ్బాయి కంటిపాప అని పెట్టాడు. పుస్తకంలో అట్రోపిన్ అనగానే కంటిపాప బొమ్మ కనిపిస్తుంది మరి. ఇంతలో గుమ్మం దగ్గర కూర్చున్న వాళ్ళ నాన్న అందుకున్నారు: "నోట్లో నురగ ఆగిందా, రొమ్ములో గురక తగ్గిందా అని చూస్తారు గదప్పా. మన పక్క కయ్యి వాడిని రుయా ఆసుపత్రికి తెచ్చినప్పుడు రాత్రంతా డాక్టరమ్మ వీపు మీద పెట్టి వింటానే ఉండె."

ఆయన చెప్పిందే జవాబు. ఈ విషం తాగినవాడి ప్రాణం పోయేది ఊపిరితిత్తుల్లో నీరు చేరి, శ్వాసనాళాలు బిగుసుకుపోయి, గాలి ఆడక. అందుకే అట్రోపిన్ చాలిందా లేదా అన్నది ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి తేల్చుకోవాలి. నాడి, బీపీ, చంకలో చెమట ఇవన్నీ చూస్తారు, కానీ నిర్ణయించేది ఛాతీ. కంటిపాప ఆలస్యంగా స్పందించవచ్చు, మందు నేరుగా కంట్లో పడి ఉండవచ్చు. గుండె వేగం వేరే కారణాలకి కూడా పెరుగుతుంది. అబ్బాయికి అట్రోపిన్ గురించి అంతా తెలుసు, ఎందుకు ఇస్తున్నామో దాన్ని ముందు పెట్టుకుని ఆలోచించమని మాత్రం అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అతని అయిదులు జ్ఞాపకశక్తికి పడిన అయిదులు. ఎఫ్‌ఎంజీఈ అడిగేది ఇంకొకటి.

ఇంకో తేడా కూడా ఉంది. ఆ 300 ప్రశ్నల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కే 30 ఇస్తారు. మన టీకాల పట్టిక, మన క్షయ నిర్మూలన కార్యక్రమం, మన పీహెచ్‌సీ ఎంత జనాభాకి ఒకటి, ఇలాంటివి. ఇవేవీ బిష్కెక్‌లో చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్ళకి లేదు. అక్కడ ఆ సబ్జెక్టులో వచ్చిన అయిదుకీ ఇక్కడి 30 ప్రశ్నలకీ సంబంధమే ఉండదు. ఈ సంగతి పంపేముందు ఏజెంట్లు చెప్పరు. వెళ్ళే పిల్లలకి నేను చెప్పేదొకటే, మొదటి ఏడాది నుంచే మన ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) పుస్తకం ఒకటి పెట్టెలో పెట్టుకుని వెళ్ళండి.

మార్కులకీ లైసెన్సు పరీక్షకీ లంకె మీద అమెరికావాళ్ళు దశాబ్దాలుగా లెక్కలు తీస్తున్నారు. వాళ్ళకి స్టెప్ 1, స్టెప్ 2 అంటూ అంచెలుగా పెట్టే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష ఉంది కాబట్టి ప్రతి కాలేజీ దగ్గరా రెండు వరుసల అంకెలుంటాయి, కాలేజీ మార్కు ఒక పక్క, స్టెప్ స్కోరు ఇంకో పక్క. ఆ లెక్కల్లో పదేపదే తేలేది ఇదీ: మొదటి రెండేళ్ళ సబ్జెక్టుల్లో మార్కులు బాగున్నవాళ్ళకి స్టెప్ 1 కూడా బాగానే ఉంటుంది, అక్కడ తప్పుతూ లేస్తూ వచ్చినవాళ్ళకే స్టెప్ 1 తప్పే ప్రమాదం ఎక్కువ. వార్డుల్లో తిరిగే రోజుల్లో వేసే గ్రేడ్లకి వచ్చేసరికి ఈ లంకె వదులైపోతుంది.

లంకె ఉంది అంటే ఎంత ఉంది అన్నది చూసుకోవాలి. రెండు పరీక్షల మధ్య కొరిలేషన్ (లంకె ఎంత గట్టిదో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.6 అని ఎక్కడైనా చదివితే అది చాలా గట్టి సంబంధం అనిపిస్తుంది. దాన్ని దానితోనే గుణిస్తే 0.36 వస్తుంది. అంటే రెండో పరీక్షలో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే మొదటి మార్కులతో ముడిపడి ఉంది. మిగతాదంతా వేరే. ఎలా చదివారు, ఎప్పుడు చదివారు, నిద్రపోయారా లేదా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా, ప్రశ్నపత్రం తీరు అలవాటుందా. "మా అమ్మాయికి సెకండియర్‌లో తక్కువొచ్చాయి, ఇక అంతేనా మేడం" అని కళ్ళనీళ్ళు పెట్టుకునే తల్లులకి నేను ఈ గుణకారం కాగితం మీద చేసి చూపిస్తాను. అంతేనా అంటే అంతే కాదమ్మా, ఇంకా చాలా మిగిలుంది.

వార్డు గ్రేడ్ల లంకె ఎందుకు వదులైందో 2012లో అకడమిక్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన చదివితే అర్థమవుతుంది. అమెరికా కాలేజీల్లో క్లర్క్‌షిప్‌లకి, అంటే వార్డుల్లో చేసే శిక్షణకి, ఎంతమందికి పై గ్రేడు ఇస్తున్నారో చూశారు. ఒకచోట నూటికి ఇద్దరికి, ఇంకోచోట నూటికి 93 మందికి. గ్రేడు పేరు ఒకటే. నూటికి 93 మందికి ఇచ్చిన గ్రేడు ఆ పిల్లల్లో ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాన్ని పట్టుకుని ఏ పరీక్షనైనా ముందే ఎలా ఊహించగలం?

2022 జనవరి 26 నుంచి స్టెప్ 1 స్కోరు కూడా తీసేసి పాస్, ఫెయిల్ అనే ఇస్తున్నారు. దాంతో అందరి కళ్ళూ రెండో అంచె రాతపరీక్ష అయిన స్టెప్ 2 సీకే స్కోరు మీద పడ్డాయి. అక్కడ రెసిడెన్సీకి, అంటే పీజీ శిక్షణకి, ప్రయత్నించే మన పాత విద్యార్థులు ఇప్పుడు దాని గురించే మాట్లాడుతుంటారు. ఒక కొలతని తీసేస్తే జనం ఇంకో కొలతని వెతుక్కుంటారు, కొలవకుండా మాత్రం ఉండరు.

ఇప్పుడు మన కాలేజీలకి వద్దాం. నాకు బాధ కలిగించేది ఇక్కడే.

2019లో వచ్చిన కొత్త కరికులం ప్రకారం ఇంటర్నల్స్‌లో, అంటే కాలేజీవాళ్ళే పెట్టుకునే పరీక్షల్లో, థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 40 శాతం, రెండూ కలిపి 50 శాతం లేనిదే యూనివర్సిటీ పరీక్షకి కూర్చోనివ్వకూడదు. ఉద్దేశం చాలా మంచిది. ఏడాది పొడవునా పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుసుకుంటూ, వెనకబడితే అక్కడే ఆపి, మళ్ళీ చెప్పి, మళ్ళీ పరీక్ష పెట్టి పైకి తేవాలి. ఆచరణలో ఏం జరుగుతుందో చాలామంది టీచర్లకి తెలుసు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో ఇంటర్నల్స్ లిస్టు పైకి పంపితే వెనక్కి వచ్చేది. "ఇంతమందిని ఆపితే ఎలా మేడం, తల్లిదండ్రులు ఊరుకుంటారా, యూనివర్సిటీ వాళ్ళు మనల్నే అడుగుతారు" అనేవారు. మళ్ళీ వెళ్ళేటప్పటికి 38లు 50లై, 44లు 52లై ఉండేవి. 70 వచ్చినవాడి మార్కు ఎవరూ ముట్టుకోరు కాబట్టి పైన అంతా మామూలుగా ఉండి, అడుగున మాత్రం ఒకే అంకె దగ్గర జనం కిక్కిరిసి ఉండేవాళ్ళు.

దీన్ని దయ అంటారు. నేను ఒప్పుకోను. జ్వరంతో వచ్చినవాడి థర్మామీటరు విదిలించి 98.6 చూపించి ఇంటికి పంపితే దయ అవుతుందా? లైసెన్సు పరీక్షలో ఎవరు ఇబ్బంది పడతారో ముందే పసిగట్టడానికి మన చేతిలో ఉన్న సాధనం ఈ ఇంటర్నల్స్ మార్కు ఒక్కటే. యూనివర్సిటీ మార్కు వచ్చేసరికి ఏడాది అయిపోతుంది. ఎఫ్‌ఎంజీఈ లాంటిది వచ్చేసరికి చదువే అయిపోతుంది. మొదటి ఇంటర్నల్‌లో పడ్డ 38ని 38గానే ఉంచి ఉంటే, ఆ పిల్లకి ఇంకా ఆరేడు నెలల టైము ఉండేది.

పలమనేరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అప్పట్లో నా క్లాసులో ఉండేది. తెలుగు మీడియంలో టెన్త్ చదివి, ఇంటర్లో ఇంగ్లీషుకి మారి, నీట్‌లో మంచి ర్యాంకుతో వచ్చింది. ఫార్మకాలజీ యూనివర్సిటీ పరీక్ష తప్పాక తన మార్కుల కాగితాలు తెచ్చి నా ముందు పరిచింది. మూడు ఇంటర్నల్స్, 50, 51, 50. "మేడం, నేను బార్డర్లో ఉన్నానని అనుకున్నాను, కొంచెం చదివితే చాలనుకున్నాను" అంది. నేను దిద్దిన పేపర్లలో ఆ అమ్మాయికి అంత వచ్చిన గుర్తు లేదు. మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాల మీది మందుల గురించి చెప్పే ఆటోనామిక్ చాప్టరే పట్టుబడలేదు. దాని మీద ఆధారపడిన బీపీ మందులు, ఆస్తమా మందులు, అన్నీ గాలిలో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని మొదటినుంచి మొదలుపెట్టాం. ఆరు నెలల్లో సప్లీ పాసైంది, ఇప్పుడు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తోంది. ఆ ఆరు నెలల సప్లీ అక్కర్లేకుండానే అయిపోవాల్సిన పని అది.

పిల్లల్ని ఆపేస్తే వాళ్ళు కుంగిపోతారు, అప్పుచేసి ఫీజు కట్టిన ఇళ్ళు ఇబ్బంది పడతాయి అని వాదించే తోటి టీచర్లు ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే కదా నిబంధనల్లోనే రెమెడియల్‌కి వీలుంచారు. తక్కువ వచ్చినవాడిని పిలిచి, ఏది రాలేదో చూపించి, పదిహేను రోజుల్లో మళ్ళీ పరీక్ష పెట్టి, అప్పుడు నిజంగా వచ్చిన 50 వేయండి. పని పెరుగుతుంది. మార్కు పెంచడానికి ఒక్క పెన్ను చాలు, పిల్లవాణ్ణి పెంచడానికి మాత్రం సాయంత్రాలు కావాలి.

ప్రాక్టికల్స్ సంగతి ఇంకా విచిత్రం. వైవాలో, ప్రాక్టికల్స్‌లో దాదాపు అందరికీ 65కీ 75కీ మధ్యే పడుతుంది. బాగా చెప్పినవాడికీ, నోరు తెరవనివాడికీ తేడా ఐదు మార్కులు. అందరూ ఒకేచోట ఉంటే ఆ మార్కుకి దేనితోనూ సంబంధం కనబడదు, గణితం అలాంటిది. అసలే నీట్‌లో వడపోసి వచ్చిన పిల్లలు, వాళ్ళ మధ్య తేడాలు మొదటే తక్కువ. ఉన్న కాస్త తేడానీ మనం చెరిపేసి, తర్వాత "మార్కులకీ పరీక్షలకీ సంబంధం లేదండీ" అంటాం.

ఇంకో చిక్కు మన థియరీ పేపరు స్వభావంలోనే ఉంది. దాంట్లో మల్టిపుల్ చాయిస్ 20 శాతం దాటకూడదు. మిగతాదంతా ఎస్సేలు, షార్ట్ నోట్స్. రాయడం రావాలి కాబట్టి అవి ఉండాలి, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ పాత పేపర్లు చూసి ఇంపార్టెంట్స్ ఏరుకుని, ఆఖరి పది రోజులు గట్టిగా కూర్చుంటే అరవై వచ్చేస్తాయి. ఆ అరవై నిలవదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది, ఇంకో గుంపు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసి చూసుకున్నవాళ్ళు ముందున్నారు. మన యూనివర్సిటీ పరీక్ష దాదాపుగా ఆ ఐదు నిమిషాల పరీక్ష. సెకండియర్‌లో చదివిన ఫార్మకాలజీని నీట్ పీజీ మూడేళ్ళ తర్వాత అడుగుతుంది, 200 ప్రశ్నలు, తప్పుకి ఒక మార్కు కోత. అప్పటికి నిలిచేది పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నదే.

అందుకని మార్కుల కాగితం తెచ్చి చూపించేవాళ్ళ దగ్గర నేను మొత్తం శాతం చూడను. ముందు పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ చూస్తాను. పైన వచ్చే మెడిసిన్, సర్జరీ, పిల్లల జబ్బులు అన్నీ వీటిమీదే నిలబడతాయి. ఏది మొదటిసారే వచ్చింది, ఏది సప్లీలో వచ్చింది అడుగుతాను. థియరీలో 52, ప్రాక్టికల్‌లో 74 అని ఉంటే 52నే నమ్ముతాను. డిస్టింక్షన్ వచ్చిన సబ్జెక్టులోంచి అప్పటికప్పుడు ఐదారు ప్రశ్నలు వేస్తాను. మూడేళ్ళ తర్వాత కూడా చెప్పగలిగితే ఆ 75 గట్టిది. తర్వాత ఒక గ్రాండ్ టెస్ట్ (జీటీ), అంటే అసలు పరీక్షలాంటి పూర్తి నమూనా పరీక్ష, రాయించి, కాలేజీ మార్కుల పక్కన పెట్టి చూస్తాను. రెండూ ఒకేచోట తక్కువైతే చదువులో లోటు. కాలేజీలో బాగుండి జీటీలో పడిపోతే, పుంగనూరు అబ్బాయిలాగా, అలవాటులో లోటు. మొదటిది పుస్తకంతో తీరుతుంది, రెండోది ప్రశ్నలతో తీరుతుంది. రెంటికీ ఒకే కోచింగ్ కొనిపెట్టి డబ్బు పోగొట్టుకోకండి.

ఇంతా చెప్పి, లైసెన్సు పరీక్షనే దేవుణ్ణి చేసుకోవద్దని కూడా చెప్పాలి. పాముకాటు కేసుల్లో 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఉంటుంది. రక్తపింజరి కాటు మన చేలగట్ల మీద కొత్తేమీ కాదు కాబట్టి ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి హౌస్ సర్జనూ అది చేయాల్సిందే. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. కారిపోతే గడ్డకట్టలేదని అర్థం, పాము విషానికి విరుగుడు మొదలెయ్యాలి. ఈ వాక్యాలు రాయమంటే పిల్లలంతా రాస్తారు, ఆప్షన్లిస్తే టిక్కు పెడతారు. వార్డులో చూస్తే ఒకరు ప్లాస్టిక్ గొట్టంలో పోస్తారు, ఇంకొకరు సబ్బునీళ్ళతో కడిగిన గొట్టం వాడతారు, మరొకరు ఐదు నిమిషాలకోసారి ఎత్తి ఊపి చూస్తుంటారు. ప్లాస్టిక్‌లోనూ, సబ్బు అంటిన గాజులోనూ మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అక్కర్లేని మందు మనిషి ఒంట్లోకి వెళుతుంది. దీన్ని పట్టుకునే మల్టిపుల్ చాయిస్ ప్రశ్న ఎవరూ రాయలేరు. పక్కన నిలబడి చూసిన టీచరే పట్టుకోవాలి, చూసింది చూసినట్టు లాగ్‌బుక్‌లో రాయాలి.

ఆ రాతకి ఎంత విలువుందో 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన చూపించింది. అమెరికాలో మెడికల్ బోర్డుల చేత శిక్షపడిన 235 మంది డాక్టర్ల కాలేజీ రికార్డులు తవ్వి, శిక్షపడనివాళ్ళవాటితో పోల్చారు. మొదటి రెండేళ్ళలో మార్కులు తక్కువగా ఉండడానికి కూడా కొంత సంబంధం ఉంది. కానీ అంతకంటే గట్టిగా బయటపడింది టీచర్లు అప్పట్లో రాసిన వ్యాఖ్యలు: బాధ్యతలేదు, చెబితే దిద్దుకోడు అన్నలాంటివి. కెనడాలో 2007లో వచ్చిన మరో అధ్యయనం మూడువేల పైచిలుకు డాక్టర్లని చూసింది. లైసెన్సు కోసం పెట్టే క్లినికల్ పరీక్షలో రోగితో మాట్లాడే తీరుకి తక్కువ మార్కులొచ్చినవాళ్ళ మీదే తర్వాత ఫిర్యాదులు ఎక్కువొచ్చాయి. అంటే మాట్లాడే తీరుని కూడా కొలవొచ్చు, నిజాయితీగా కొలిస్తే అది కూడా ముందే చెబుతుంది. నెక్స్ట్‌లో రెండో అంచె ప్రాక్టికల్‌గా ఉండాలని 2023 నిబంధనల్లో రాశారు. అది వచ్చినప్పుడైనా అందరికీ 70 వేసే అలవాటు దానికి అంటకుండా చూడాలి.

మా డిపార్ట్‌మెంటులో ఈ ఏడాది నుంచి కొన్ని మార్చాం. ప్రతి ఇంటర్నల్‌లో 20 శాతం కొత్త కేసు ప్రశ్నలు, ఏ ప్రశ్నల బ్యాంకులోనూ లేనివి, మేమే కూర్చుని రాసుకుంటున్నాం. పేపరు వారంలో దిద్ది పిల్లల చేతికే ఇస్తున్నాం, తప్పు దగ్గర ఎందుకు తప్పో ఒక ముక్క రాసి. తక్కువొచ్చినవాళ్ళకి శనివారం మధ్యాహ్నం మళ్ళీ క్లాసు, మళ్ళీ పరీక్ష. మొదటి మార్కూ రెండో మార్కూ రెండూ రికార్డులో ఉంటాయి, ఏదీ కొట్టెయ్యం. మా హెచ్‌ఓడీ సార్ ముందు కాస్త తటపటాయించారు, తర్వాత ఆయనే ప్రశ్నలు రాయడం మొదలుపెట్టారు.

పుంగనూరు అబ్బాయి ఇప్పుడు రోజూ యాభై ప్రశ్నలు చేసి, తప్పు పెట్టినవాటికి కారణం తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొస్తున్నాడు. డిసెంబరు పరీక్షకి దరఖాస్తు చేశాడు.

నాకొక సాయం కావాలి. మన చుట్టుపక్కల కాలేజీల నుంచి పాసై నీట్ పీజీగానీ యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈగానీ రాసినవాళ్ళు, విదేశాల్లో చదివి ఎఫ్‌ఎంజీఈ రాసినవాళ్ళు, పాసైనా తప్పినా సరే, మీ సెకండియర్ సబ్జెక్టు మార్కులు, ఎన్నోసారికి వచ్చాయన్నది, ఆ పరీక్ష స్కోరు నాకు పంపండి. పేరు, కాలేజీ పేరు వద్దు. ఇంటర్నల్స్ మార్కులు కూడా ఉంటే మరీ మంచిది. మన పిల్లల అంకెలు మనమే పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఉంది. ఏం తేలినా ఇక్కడే రాస్తాను.